అరవై అడుగుల చూపు

"ఇక మీదట ఈ ప్రాంతంలో అభివృద్ధి దానంతట అది జరగడానికి వీల్లేదు" అని మంత్రిగారు ప్రకటించినప్పుడు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది నేను. ఈ సంగతి ఏ పత్రికలోనూ రాలేదు. అందుకని పాఠకులకు నేనే మనవి చేసుకుంటున్నాను.

పోయిన జూన్‌లో పలమనేరులో ఆ సభ జరిగింది. మాది చల్లటి మెరక నేల. చుట్టూ కొండలు, టమోటా తోటలు, పాల ఆవులు. బెంగుళూరు రోడ్డు మీద కార్లలో పోయేవాళ్ళు ఈ మధ్య మా దగ్గర ఆగి, గట్టిగా ఊపిరి పీల్చి, పీల్చిన చోటే ఒక ప్లాటు కొనుక్కుని పోతున్నారు. ఇట్లాగే వదిలేస్తే పదేళ్ళలో మడి ఏదో లేఅవుట్ ఏదో తెలియకుండా పోతుందని మంత్రిగారు బాధపడ్డారు. పెరుగుదలకు ఒక పద్ధతి, భూమికి ఒక క్రమశిక్షణ, అందానికి ఒక అధికారి ఉండాలన్నారు. మూడోది వినగానే నాకు కళ్ళు చెమర్చాయి.

వేదికకు సరిగ్గా వెనక గువ్వలకొండ ఉంది. పథకమంతా ఆ కొండ అందం కోసమే. అయితే ఎండ పడుతుందని వేదిక వెనక షామియానా గుడ్డ కట్టడంతో కొండ కనబడకుండా పోయింది. మంత్రిగారికి చూపించడానికి కొండ లేకపోతే ఎట్లా అని ముందు రోజే నిర్వాహకులు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. నేను పన్నెండడుగుల గుడ్డ మీద గువ్వలకొండ గీసిచ్చాను. దాన్ని షామియానాకు తగిలించారు. మంత్రిగారు దానివైపు చెయ్యి చాపి, ఈ కొండను కంటికి రెప్పలా కాపాడుకుందాం అన్నారు. నిజం కొండ వెనకాల ఊరుకుంది.

నా పేరు నియాజ్. హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్ళు డ్రాయింగ్ మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. పనిచేశానని నేనంటాను గానీ, నా పీరియడ్లన్నీ లెక్కల మాస్టరే తీసుకునేవాడు. సభ అయ్యాక ప్రాజెక్టు డైరెక్టర్ జయరావు గారు నన్ను పక్కకు పిలిచారు. పలమనేరు సుందర గ్రామీణ ప్రాంత వృద్ధి నిర్వహణ మండలిలో ఒక పౌర సభ్యుడు ఉండాలట. ఆయన చేతిలోని ఫారంలో నాలుగు గడులున్నాయి. విద్యావేత్త, కళాకారుడు, మైనారిటీ, సీనియర్ సిటిజన్. నలుగురిని వేస్తే నాలుగు కుర్చీలు కావాలి. నన్ను వేస్తే ఒకటి చాలు. ఒకే టికెట్టు మీద కుటుంబాన్నంతా బస్సెక్కించిన మనిషిలా ఆయన ముఖం వెలిగింది.

ఇంటికొచ్చి దిల్షాద్ బీతో చెప్పాను. మా ఆవిడ నన్ను మామూలుగా అనాలనుకుంటే ఉర్దూలో అంటుంది. వీధికంతా తెలియాలనుకుంటే తెలుగులో అంటుంది. ఆ రోజు తెలుగులో అంది.

"ఇంట్లో కొళాయి యాడ పెట్టాల్నో ఇరవై ఏండ్లుగా తేల్చలేదు ఈయన. ఊర్లో ఎవరి భూమిలో ఏముండాల్నో తేలుస్తాడంట."

మూడో రోజున మెడలో వేసుకునే ఐడీ కార్డు వచ్చింది. దాన్ని వేసుకుని కొత్తిమీర కొనడానికి కూడా వెళ్ళాను. ధర తగ్గలేదు. కట్ట మాత్రం కొంచెం లావుగా ఇచ్చినట్టు నాకు అనిపించింది.

మొదటి సమావేశం ఏసీ గదిలో జరిగింది. చల్లదనం బయటికి పోకుండా కిటికీలు మూసి, తెరలు దించి, మేమంతా ప్రకృతి గురించి రెండు గంటలు మాట్లాడుకున్నాం. జయరావు గారు అంతకుముందే విదేశంలో ఏదో అందమైన కౌంటీలో, అంటే మన జిల్లా లాంటిదాంట్లో, పది రోజులు శిక్షణ పొంది వచ్చారు. అక్కడ ఆవు కూడా ప్లాన్ ప్రకారమే నిలబడుతుందని చెబుతూ ఒక ఫోటో చూపించారు. పచ్చటి గుట్ట, నీలం ఆకాశం, మధ్యలో తెల్లావు. నిజమే, ఆవు చాలా బాధ్యతగా నిలబడి ఉంది.

ముఖ్యమైన తీర్మానం దృశ్య మార్గం. అంటే హైవే మీద నిలబడితే గువ్వలకొండ అడుగు దాకా రెండు కిలోమీటర్ల మేర కంటికి ఏదీ అడ్డం రాకూడదు. కొండ ఎక్కడినుంచి బాగా కనబడుతుందో చెప్పమని జయరావు గారు నన్నే అడిగారు. "మీ కన్ను చెప్పాలి సార్" అన్నారు. నా సర్వీసు మొత్తంలో నా కన్నును ఎవరూ ఏమీ అడగలేదు. హైవే మలుపులో టీ బంకు దగ్గరినుంచి, పొద్దున పూట, అని చెప్పాను. ఇది మాత్రం సత్యం. అక్కడినుంచి ఆ కొండను ఎన్నోసార్లు బొమ్మ వేశాను.

సర్వే మ్యాపు నా ముందు పరిచి గీత గీయమన్నారు. వెడల్పు అరవై అడుగులు. కంటికి అంత వెడల్పు ఎందుకు, ముప్పై చాలదా అని అడిగాను. కళాకారులు విశాలంగా ఆలోచించాలని జయరావు గారు మెత్తగా మందలించారు. విశాలంగా ఆలోచించాను.

స్కేలు పెట్టినప్పుడు ఆ గీత కింద ఏమేముందో నాకు తెలుసు. పాఠకులు ఇది గమనించాలి. మా ఇంటికి పాలు పోసే రూతు ఆవుల కొట్టం ఉంది. ఓబయ్య టమోటాలు ఏరి బాక్సుల్లో సర్దే పాక ఉంది. అతని తాత నాటిన తొమ్మిది చింతచెట్లు ఉన్నాయి. మధ్యలో ఒక్కచోట గీతను అంగుళం పక్కకు వంచితే ఇవన్నీ బతికిపోతాయి. కానీ నేను వంకర గీత గీసిన పిల్లల వేళ్ళమీద స్కేలుతో కొట్టినవాణ్ణి. పైగా అదే క్షణంలో జీడిపప్పు ప్లేటు నా వైపు వచ్చింది. జయరావు గారు అప్పుడే నన్ను ఆర్టిస్టు గారూ అన్నారు. తిన్నగా గీశాను. గీత అద్భుతంగా వచ్చింది.

చట్టప్రకారం ప్రజల అభిప్రాయం తీసుకోవాలి గనుక జూలైలో ఒక ఫంక్షన్ హాల్లో సభ పెట్టారు. అభ్యంతరాలు ఇంగ్లీషులో మూడు ప్రతులు ఇవ్వాలి. అట్లా ఇవ్వలేనివాళ్ళు నోటితో చెప్పవచ్చు, దాన్ని ఇంగ్లీషులో మేము అర్థం చేసుకుంటాం.

మొదట ఓబయ్య లేచాడు. పాకంటే పోనీ మనిషి కట్టింది, చింతచెట్లు కూడా ప్రకృతే గదప్పా, వాటినెందుకు కొడతారు అని అడిగాడు. ప్రశ్న బాగుందని జయరావు గారు మెచ్చుకున్నారు.

"చెట్టు ప్రకృతే. కాదనడం లేదు. కానీ ప్రకృతికి అడ్డం వస్తోంది" అన్నారు.

ఓబయ్య దీనికి జవాబు ఉందేమోనని రెండు పక్కలా చూసి, కూర్చున్నాడు.

తర్వాత రూతు లేచింది. భర్త పోయాక నాలుగు ఆవుల మీద ఇల్లు నడుపుకుంటున్న మనిషి. రేకుల కొట్టం తన సొంత సెంట్లలో తనే కట్టుకుంది. మా ఇంట్లో టీ తొమ్మిదేళ్ళుగా ఆమె పాలతోనే. జయరావు గారు ఆమెకు భయపడవద్దని చెప్పారు. ఆమె భూమిని ఎవరూ తీసుకోవడం లేదు. భూమి ఆమెదే, దాని మీద ఏమీ ఉండకూడదు, అంతే. మండలి నిబంధనల్లో ఆవు దృశ్యం కిందికి వస్తుంది, కొట్టం కట్టడం కిందికి వస్తుంది. దృశ్యానికి అనుమతి ఉంది, కట్టడానికి లేదు. ఆమెకు బాగా అర్థమయ్యేందుకు తెర మీద ఆ కౌంటీ ఆవు ఫోటో వేయించారు.

రూతు ఆ ఫోటోను చాలాసేపు చూసింది. ఆవుల గురించి తెలిసినవాళ్ళు చూసే చూపు అది.

"మంచి ఆవు సార్. రాత్రిపూట యాడ పండుకుంటాది అది?" అంది.

జయరావు గారు తెర వైపు తిరిగి చూశారు.

"ఫోటోలో పగలే ఉందమ్మా" అన్నారు.

రూతు నా వైపు చూసింది. నేను అజెండా కాగితం చదువుతున్నాను. అందులో పది వరుసలున్నాయి. పదిసార్లు చదివాను.

ఆ రోజు అరవై ఒక్క అభ్యంతరాలు వచ్చాయి. రిజిస్టర్లో అభ్యంతరాలకు ఒక్క పేజీ, సూచనలకు మూడు పేజీలు వదిలి ఉండడంతో వాటిని సూచనల్లో రాసుకున్నాం. రూతు మాటను, పశువుల విశ్రాంతిపై ఒక మహిళా రైతు ఆసక్తికరమైన ప్రశ్న అడిగారు అని నమోదు చేశాం. ఆ వాక్యం నాదే.

మరునాడు పొద్దున ఆమె ఎప్పటిలాగే పాలు తెచ్చింది. గిన్నెలో పోసి, దిల్షాద్ బీతో రెండు మాటలు మాట్లాడి, నా దగ్గరికొచ్చింది.

"సార్, ఆ గీత మీరు గీసిందేనంట గదా. రవ్వంత పక్కకి జరపను కాదా?"

ఫైలు పైకి వెళ్ళిపోయిందని చెప్పాను. అది అబద్ధం కాదు. జయరావు గారి ఆఫీసు మొదటి అంతస్తులో ఉంది. ఆమె సరే సార్ అని ఖాళీ క్యాను తీసుకుని వెళ్ళిపోయింది. ఆ మాట వంటింట్లోకి వినబడింది. ఆ రోజునుంచి నాకు టీలో పాలు పడలేదు. ఎందుకని నేనూ అడగలేదు.

ఆగస్టులో తొలగింపు. మండలి తరఫున సాక్షి సంతకం చేయడానికి పౌర సభ్యుడు హాజరు కావాలి. నేను వెళ్ళేసరికి జేసీబీ ఇంకా రాలేదు. యంత్రం తగిలితే రేకులు నలిగిపోతాయని రూతు తనే కొట్టం పైకెక్కి ఒక్కొక్కటీ విప్పుతోంది. ఆవులు నాలుగూ పక్కన నిలబడి చూస్తున్నాయి.

"కిందనుంచి ఆ పక్క పట్టుకుంటారా సార్" అంది.

పట్టుకున్నాను. ఇద్దరం కలిసి పదకొండు రేకులు దించాం. వంగినప్పుడల్లా నా మెడలో కార్డు రేకుకు తగిలి టంగుమంటోంది. ఏడో రేకు దగ్గర అంచు కోసుకుని అరచేతిలో నెత్తురొచ్చింది. ఆమె దిగివచ్చి తన తలగుడ్డ చింపి కట్టు కట్టింది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు సుఖంగా ఉండేది. జేసీబీతో పాటు వచ్చిన జయరావు గారు మమ్మల్ని ఫోటో తీసుకున్నారు. అది తర్వాత మండలి నివేదికలో వచ్చింది. కింద ఇట్లా రాశారు: స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ప్రజలు, భుజం కలిపిన పౌర సభ్యుడు. నా పోలిక బాగా వచ్చింది.

ఓబయ్య పాకకు పది నిమిషాలు పట్టింది. చింతచెట్లకు మూడు రోజులు పట్టింది.

సెప్టెంబరులో వానలు మొదలయ్యాయి. రూతు రెండు ఆవులను సంతలో అమ్మేసింది. మిగిలిన రెండింటికీ పైన టార్పాలిన్ పట్ట కప్పుదామనుకుంది. నిబంధనల ప్రకారం పట్ట కట్టడం కిందికి రాదు, కానీ పట్టను మోసే గుంజ వస్తుంది. రెండు రోజులు ఆవులు తడిశాయి. ఒకదానికి జ్వరమొచ్చి మేత మానేసింది. ఈ కబురు విని దిల్షాద్ బీ గొడుగు తీసుకుని బయటికి వెళ్ళింది. గంట తర్వాత రూతుతో, రెండు ఆవులతో తిరిగొచ్చింది. నా బొమ్మల వరండాలో వాటిని కట్టేయించింది. నన్ను అడగలేదు. నేను బొమ్మలు తీసుకెళ్ళి మంచం కింద పెట్టుకున్నాను. పెద్దవి మంచం కింద పట్టక వంటింటి అటక మీద పెట్టాను. జ్వరం వచ్చిన ఆవు నాలుగో రోజుకు మేత ముట్టింది. రూతు దాని గంగడోలు నిమురుతూ గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ పూట నా టీ తెల్లగా వచ్చింది.

రెండో వారంలో మా ఇంటికి నోటీసు వచ్చింది. నివాస ప్రాంతంలో పశువులను ఉంచడం భూవినియోగ నిబంధనలకు విరుద్ధం. నోటీసు ఇంటి యజమానికి, నకలు పౌర సభ్యుడికి. రెండుచోట్లా నేనే సంతకం పెట్టి తీసుకున్నాను. యజమానిగా భయపడ్డాను. సభ్యుడిగా మన యంత్రాంగం ఇంత చురుగ్గా పనిచేస్తున్నందుకు గర్వపడ్డాను. విచారణ జరపాల్సింది కూడా నేనే కావడంతో, యజమాని హాజరు కాలేదని రెండుసార్లు వాయిదా వేశాను. మండలిలో నేను చేసిన మంచిపని ఏదైనా ఉంటే అదొక్కటే. అది కూడా రాతపూర్వకంగా లేదు.

నవంబరులో దృశ్యం ప్రారంభోత్సవం. అప్పటికి ఆ అరవై అడుగులూ చదును చేసి, కంకర పోసి, రోలరుతో తొక్కించారు. గడ్డి మొలిస్తే చూపుకు అడ్డమని జయరావు గారు వివరించారు. చూడడానికి కంకర ఎందుకని నాకు ఒక్క క్షణం సందేహం వచ్చింది. ఇంతలో నాకు శాలువా కప్పారు. సందేహం దాని కిందికి పోయింది.

మంత్రిగారు హైవే పక్కన నిలబడి రిబ్బను కత్తిరించారు. గువ్వలకొండ కనబడింది. అంతకుముందు కూడా కనబడేది, కానీ అనధికారికంగా. నన్ను మాట్లాడమన్నారు. ముందు తరాలకు ఈ కొండను చూపించే భాగ్యం నా చేతి గీతకు దక్కిందని, జన్మ ధన్యమైందని చెప్పాను. నిజంగానే అట్లా అనిపించింది, నటన కాదు. ఈ విషయంలో నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

పది రోజుల తర్వాత ఒక పొద్దున టీ బంకు దగ్గర కూర్చుని కొండ బొమ్మ వేసుకుంటున్నాను. ఒక పెద్ద లారీ వచ్చి ఆగింది. దాని వెనక ఇంకో ఆరు. ఒకదాని మీద క్రేను, రెండింటి మీద కంప్రెసర్లు, రాయిని తొలిచే యంత్రాలు. మొదటి లారీ డ్రైవరు దిగి నా దగ్గరికొచ్చాడు. హోసూరు వైపు మనిషి, మాటలో అరవం కలిసింది.

"క్వారీకి ఇదేనా సార్ దారి?"

ఏ క్వారీ అని అడిగాను. అతను గడ్డంతో కొండను చూపించాడు. నాకు నమ్మకం కలగలేదని చూసి జేబులోంచి కాగితం తీసిచ్చాడు. గువ్వలకొండ, గ్రానైటు, ఇరవై ఏళ్ళ లీజు. తేదీ మార్చి నెలది, మంత్రిగారి సభకు మూడు నెలల ముందుది.

"అరవై అడుగులు ఉంటాది గదా సార్? లోడు బండ్లు ఎదురెదురుగా వస్తే తిరగాల" అన్నాడు.

ఉంటుందని చెప్పాను. ఆ విషయం నాకన్నా బాగా ఎవరికీ తెలియదు. లారీలు ఒకదాని వెనక ఒకటి కంకర మీదికి దిగాయి. జయరావు గారికి ఫోన్ చేశాను. ఆయన తొందరపడకుండా అంతా విన్నారు.

"సార్, కొండ మన పరిధిలోకి రాదు. అది వేరే శాఖ. మన మండలి దృశ్యం వరకే" అన్నారు. కొంచెం ఆగి, "దృశ్యానికి అడ్డం ఏమైనా వస్తోందా?" అని అడిగారు.

చూశాను. రెండు కిలోమీటర్ల మేర ఏమీ అడ్డం లేదు. కొండ అడుగున లారీలు నిలబడడం కూడా స్పష్టంగా కనబడుతోంది. లేదు సార్ అన్నాను. థాంక్స్ ఆర్టిస్టు గారూ అని ఆయన ఫోన్ పెట్టేశారు.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు. ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి మనసులో అనుకుని చూశాను. రెండింట్లోనూ మొదటి మాట 'నేను' అనే వచ్చింది.

నాలుగో రోజు పొద్దున రూతు మా వరండాలో పాలు పితుకుతోంది. ముంగిట్లో ఆమె ఆరబెట్టుకున్న గడ్డి పరిచి ఉంది. నేను మెట్ల మీద పళ్ళు తోముకుంటున్నాను. ఉన్నట్టుండి కొండవైపు నుంచి పెద్ద శబ్దం వచ్చింది. కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. ఆవులు రెండూ తాళ్ళు లాగి వెనక్కి జరిగాయి. క్యానులో పాలు కాసేపు కదులుతూనే ఉన్నాయి. దిల్షాద్ బీ వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"ఏం సార్, ఉరిమిందా?" అంది రూతు.

"అవునమ్మా. వాన వచ్చేట్టుంది" అన్నాను.

ఆమె ఆకాశం చూసింది. ఒక్క మబ్బు లేదు. తర్వాత నా ముఖం చూసింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని లేచి, ముంగిట్లోని గడ్డిని మోపులు మోపులుగా లోపలికి మోయడం మొదలుపెట్టింది.